1974 బుల్లెట్ ఇంజన్ విప్పాను: పాత బేరింగులు మళ్లీ వేయొచ్చా?

తణుకు_బుల్లెట్ | తణుకు

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1974 మోడల్ బుల్లెట్ 350 ఇది. 16 ఏళ్లుగా పశువుల పాక పక్కన షెడ్డులో గోనెపట్టా కప్పుకుని ఉంది. నాన్న పోయాక దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. ఈ వేసవిలో ఎలాగైనా నడిపించాలని ఇంజన్ దింపి, రాజమండ్రిలో తెలిసిన మేస్త్రీ గారి దగ్గర క్రాంక్‌కేసు విప్పించాను.

భయపడినంత దారుణంగా లేదు. ఆయిల్ అడుగున తారులా పేరుకుంది కానీ పిస్టన్ పట్టెయ్యలేదు, క్రాంక్ (పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే షాఫ్ట్) చేత్తోనే తిరిగింది. నా ఇంజన్‌లో చైన్ వైపు ఒక బాల్ బేరింగ్, ఒక రోలర్ బేరింగ్ ఉన్నాయి. టైమింగ్ వైపు, అంటే వాల్వులను నడిపే గేర్లున్న వైపు, ఇంకో రోలర్. గేర్‌బాక్సులోవి రెండు వేరే. అన్నిటి మీదా పాత కాలం చెక్కుడు అక్షరాలే, అంటే ఇంతవరకూ ఎవరూ మార్చినట్టు లేదు.

మేస్త్రీ గారేమో "అన్నీ తీసి పారెయ్, కొత్తవి తెచ్చుకో" అంటున్నారు. రైస్ మిల్లులో పనిచేసే మా బావ "అలాంటి సరుకు ఇప్పుడెక్కడ దొరుకుతుంది, కడిగి వేసెయ్" అంటాడు. డబ్బు గురించి కాదు నా బాధ. ఒకసారి కేసు మూసేశాక మళ్లీ విప్పే పని పడకూడదు. అలాగని బాగున్న వస్తువును అనవసరంగా పారేయాలనీ లేదు. అసలు ఒక పాత బేరింగ్ బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఫొటోలు పెట్టాను, చూసి చెప్పండి.

ప్లాంట్_మెయింటెనెన్స్ | విశాఖపట్నం

బాగుందా లేదా అనే ముందు మూడు సంగతులు చెప్పండి తమ్ముడూ. ఒకటి, ఏ బేరింగ్ ఎలా బయటికొచ్చింది? రెండు, దేంతో కడిగారు? మూడు, కడిగాక గాలి కొట్టి తిప్పారా?

ఫొటోల కంటే ఈ మూడింటికీ మీరు చెప్పే జవాబే నాకు ముఖ్యం. 22 ఏళ్లుగా ఫ్యాక్టరీలో పంపులు, మోటార్లు విప్పుతున్నాను. నడిచి పాడైన బేరింగులు ఎన్ని చూశానో, తీసేటప్పుడు పాడుచేసినవి దాదాపు అన్నే చూశాను.

తణుకు_బుల్లెట్ | తణుకు

ఉన్నదున్నట్టు చెప్తాను సార్. టైమింగ్ వైపు రోలర్ దానంతటదే విడిపోయింది. లోపలి రేస్ (రోలర్లు తిరిగే ఉక్కు వలయం) షాఫ్ట్ మీదే ఉంది, రోలర్లతో బయటి రేస్ కేసులో ఉండిపోయింది. చైన్ వైపు బాల్ బేరింగ్ కేసులో బిగిసి ఉంటే, వెనక నుంచి పైపు పెట్టి లోపలి రేస్ మీద సుత్తితో కొట్టి తీశారు. ఏడెనిమిది దెబ్బలు పడ్డాయి. తర్వాత కిరోసిన్‌లో ముంచి, కంప్రెసర్ గాలి పెడితే ఈల వేసినట్టు తిరిగింది. షాపులో కుర్రాడు "చూశారా అన్నా, ఎంత స్మూతో" అన్నాడు.

ప్లాంట్_మెయింటెనెన్స్ | విశాఖపట్నం

అయితే ఆ బాల్ బేరింగ్ సంగతి అక్కడికక్కడే తేలిపోయింది. పక్కన పెట్టెయ్యండి.

కేసులో బిగుసుకున్నది బయటి రేస్. మీరు కొట్టింది లోపలి రేస్ మీద. ఆ దెబ్బ లోపలి రేస్ నుంచి గోళీలకు, గోళీల నుంచి బయటి రేస్‌కు వెళ్లింది. గోళీ రేస్‌ను తాకేది ఆవగింజంత చోటే. సుత్తి దెబ్బ బరువంతా ఆ చుక్కల మీదే పడి, గోళీకొక చిన్న సొట్ట చేస్తుంది. కంటికి కనపడకపోవచ్చు. ఇంజన్‌లో వేశాక నాలుగైదు వేల కిలోమీటర్లకు ఆ సొట్టల దగ్గరే లోహం పెచ్చులుగా లేస్తుంది.

గాలి కొట్టి తిప్పడం ఇంకా చెడ్డ అలవాటు. నూనె చుక్క లేకుండా వేల ఆర్‌పీఎమ్‌లో తిరిగితే గోళీలు రేస్ మీద జారి గీతలు పడతాయి. గోళీలను విడివిడిగా పట్టి ఉంచే కేజ్ తెగితే గోళీ ఎగిరొచ్చి కంట్లో పడొచ్చు కూడా. ఆ కుర్రాడికి నా మాటగా గట్టిగా చెప్పండి.

కేసులోంచి తీసేటప్పుడు బయటి రేస్‌ను పట్టాలి, షాఫ్ట్ మీద నుంచి తీసేటప్పుడు లోపలి రేస్‌ను పట్టాలి. గోళీల మీదుగా బలం వెళ్లకూడదు. అలా పట్టడానికి వీలు లేని చోట, ఆ బేరింగ్‌ను తీస్తున్నామంటే వదులుకుంటున్నట్టే లెక్క.

పాతబండ్లే_ప్రాణం | సికింద్రాబాద్

సార్ మాట కాదనను గానీ, అన్నీ పారేయమనే మేస్త్రీ మాటకు మాత్రం నేను ఒప్పుకోను. 1990 నుంచి బుల్లెట్లు, జావాలు, రాజ్‌దూత్‌లు విప్పుతున్నాను. పాతవే కడిగి వేసిన ఇంజన్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

నా భయం కొత్త వాటి గురించే. పోయినేడాది ఒక షాపులో పెద్ద కంపెనీ పేరున్న డబ్బాలో 6305 నెంబర్ బేరింగ్ కొన్నాను. డబ్బా మీద అచ్చు బాగానే ఉంది. కేసును వేడి చేసి పెడితే జారుడుబండ మీద జారినట్టు దిగింది, చల్లారాక కూడా చేత్తో ఊడి వచ్చేస్తోంది. మైక్రోమీటర్ పెట్టి చూస్తే బయటి కొలత 61.96 మి.మీ. ఉంది. ఉండాల్సింది 62. అది నకిలీ. పాతది తీసి కొలిస్తే 61.99. యాభై ఏళ్ల బేరింగ్ కొలత సరిగ్గా ఉంది, వారం కిందట కొన్నది లేదు. మరి ఏది వేయాలి చెప్పండి?

రాణీగంజ్_లేత్ | సికింద్రాబాద్

నకిలీల గురించి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. రోజూ చూస్తున్నాం. 62 మి.మీ. బేరింగ్‌కు మామూలు తరగతిలో బయటి కొలత 62.000 నుంచి 61.987 దాకా ఉండొచ్చు. దానికి కిందికి వెళ్తే ఇంకేం మాట్లాడక్కర్లేదు, వెనక్కి ఇచ్చెయ్యడమే. అందుకే బేరింగ్ కొనేటప్పుడు నేను జేబులో మైక్రోమీటర్ పెట్టుకుని వెళ్తాను. కంపెనీ ఆథరైజ్డ్ డీలర్ దగ్గర బిల్లుతో కొనండి. ఎస్‌కేఎఫ్ వాళ్లకైతే ఫొటోలు తీసి పంపి అసలుదో కాదో కనుక్కునే ఫోన్ యాప్ కూడా ఉంది.

కానీ అన్నా, కొత్తది నకిలీ అయినంత మాత్రాన పాతది మంచిదైపోదు కదా. నకిలీ వద్దంటే అసలుది వెతుక్కోవాలి. పాతది వేయాలంటే అది తన పరీక్షలో తాను నెగ్గాలి.

తణుకు తమ్ముడూ, బేరింగ్ ఒక్కటే చూస్తే సరిపోదు. అది కూర్చునే చోటు కూడా చూడాలి. కేసులో బేరింగ్ గుంట అద్దంలా మెరుస్తోందా? అలా ఉంటే బయటి రేస్ అందులో మెల్లగా తిరుగుతోందన్నమాట. షాఫ్ట్ మీద లూజు తగ్గించడానికి ఎవరైనా సెంటర్ పంచ్‌తో కొట్టిన చుక్కలు ఉన్నాయా?

తణుకు_బుల్లెట్ | తణుకు

చుక్కలు లేవు అన్నా. కేసు గుంట చైన్ వైపు బూడిద రంగులో, మిషన్ గీతలతో అలాగే ఉంది. టైమింగ్ వైపు మాత్రం ఒక పక్క కాస్త మెరుపు ఉంది.

ఇంకో సంగతి. టైమింగ్ వైపు రోలర్ బేరింగ్‌ను రెండోసారి శుభ్రంగా కడిగి చూశాను. బయటి రేస్‌లో కింది సగంలో మాత్రమే నల్లటి అడ్డగీతలు ఉన్నాయి. ఒక్కో గీత అగ్గిపుల్ల అంత వెడల్పు. గీతకూ గీతకూ మధ్య దూరం కొలిస్తే రోలర్‌కూ రోలర్‌కూ ఉన్న దూరంతో సరిగ్గా కలుస్తోంది. పై సగం కొత్త స్టీలు గ్లాసులా ఉంది. ఫొటో 7 చూడండి. ఇవి దెబ్బలా?

ప్లాంట్_మెయింటెనెన్స్ | విశాఖపట్నం

ఫొటో చాలా బాగా తీశారు. ఇవి దెబ్బలు కావు, తుప్పు. మీ బండి 16 ఏళ్లు ఒకే భంగిమలో నిలబడింది. పాత ఆయిల్‌లో కాలిన పెట్రోల్ తాలూకు ఆమ్లం ఉంటుంది. మన గోదావరి జిల్లాల గాలిలో తేమ కూడా దానికి తోడైంది. రోలర్ రేస్‌ను తాకే సందులో తేమ చేరి అక్కడే నిలిచిపోతుంది. అందుకే గీతలు రోలర్ల దూరంలోనే ఉన్నాయి, ఆయిల్ దిగిపోయి తేమ నిలిచిన కింది సగంలోనే ఉన్నాయి.

రోలర్ల దూరంలో కనపడే గుర్తులు మూడు రకాలు. మూడింటినీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సుత్తి దెబ్బతో పడిన సొట్ట మెరుస్తూ ఉంటుంది. భూతద్దం పెడితే సొట్ట అడుగున కూడా ఫ్యాక్టరీ గ్రైండింగ్ గీతలు కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ లోహం అరగలేదు, నొక్కుకుంది. నిలబడి ఉన్న బండిని లారీలో వేసి దూరాలు తీసుకెళ్తే, అదురుకు గోళీలు ఒక్కచోటే ఊగి రేస్‌ను అరగదీస్తాయి. అప్పుడు గుంట నున్నగా ఉంటుంది, చుట్టూ కుంకుమ రంగు పొడి కనిపిస్తుంది. మూడోది మీది. నల్లగా, మెరుపు లేకుండా, అంచులు గరుకుగా.

ఇప్పుడు ఒక పని చేయండి. బాల్‌పెన్ తీసుకుని మొనను రేస్ మీద, గీతలకు అడ్డంగా మెల్లగా లాగండి. వట్టి మరక అయితే మొన ఆగకుండా వెళ్లిపోతుంది. గుంట ఉంటే ప్రతి గీత దగ్గరా టిక్ టిక్‌మని తగులుతుంది. గోరుతో కూడా చూడొచ్చు గానీ మొన ఇంకా నిక్కచ్చిగా చెప్తుంది.

తణుకు_బుల్లెట్ | తణుకు

ఇప్పుడే చూశాను సార్. మూడు గీతల దగ్గర స్పష్టంగా తగిలింది, మిగతా వాటి మీద జారిపోయింది. 1200 నెంబర్ ఎమరీ పేపర్‌తో ఆ మూడింటిని పాలిష్ చేస్తే?

ప్లాంట్_మెయింటెనెన్స్ | విశాఖపట్నం

వద్దు. పాలిష్ చేస్తే నలుపు పోతుంది, గుంట పోదు. గుంట అంచు నుంచి లోపలికి పాకిన పగులూ పోదు. పైగా ఆ రేస్ గుండ్రతనం మైక్రాన్లలో (మి.మీ.లో వెయ్యో వంతుల్లో) ఉంటుంది, మన చేతికి అది సాధ్యం కాదు. మూడు గీతలు కాదు, ఒక్కటి తగిలినా ఆ బేరింగ్ క్రాంక్‌కు పనికిరాదు.

ఆయిల్_ఇంజన్ | భీమవరం

ఈ చర్చ చూస్తుంటే మా నాన్న చేతులు గుర్తొస్తున్నాయి. మాది చేలకు నీళ్లు తోడే 650 ఆర్‌పీఎమ్ లిస్టర్ టైపు ఇంజన్ల రిపేరు షాపు. వాటిలో బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను పట్టుకునే చోటి బేరింగ్) వైట్ మెటల్, అంటే మెత్తటి లోహపు పూత. అక్కడ పాతది మళ్లీ వాడడమన్నది తప్పు కాదు, అదే పద్ధతి.

నాన్న పాత బేరింగ్ సగాన్ని వేలి మీద నిలబెట్టి చిన్న సుత్తితో తట్టేవారు. కంచు గిన్నెలా మోగితే వైట్ మెటల్ వెనక లోహానికి అతుక్కుని ఉన్నట్టు. కుండ పగిలిన చప్పుడు వస్తే ఊడినట్టు. అప్పటికీ అనుమానం ఉంటే ఒక పూట డీజిల్‌లో నానబెట్టి, పైన పొడిగా తుడిచి, అతుకు గీత వెంట సుద్ద రాసేవారు. లోపల ఖాళీ ఉంటే అందులో దూరిన డీజిల్ మెల్లగా బయటికి ఊరి సుద్ద తడుస్తుంది. అంతకంటే నమ్మకమైన పరీక్ష మా షాపులో ఇప్పటికీ లేదు.

పాసైతే రెండు సగాల మధ్య ప్యాకింగ్ రేకులు ఒక్కోటి తీసి లూజు సరిచేసి, జర్నల్‌కు (షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే భాగానికి) నీలం రంగు పూసి, తిప్పి, నీలం అంటిన మిట్టలను స్క్రేపర్‌తో గీకేవారు. ఒక బేరింగ్‌కు ఒక పగలంతా పట్టేది. మా చెల్లి అన్నం క్యారేజీ తెస్తే చేతులకు ఉన్న నీలంతోనే తినేవారు.

అంబీ_1489 | గుంటూరు

రెండు సగాల బేరింగుల మాట వచ్చింది కాబట్టి, కారు ఇంజన్లలో ఉండే పలుచటి షెల్ బేరింగుల గురించి ఒక్క ముక్క. మా అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కు మెయిన్లు (క్రాంక్‌ను మోసే ప్రధాన బేరింగులు) మూడే, అందుకే వాటి మీద భారం ఎక్కువ. పలుచటి షెల్స్‌కు భీమవరం బాబాయ్ గారి స్క్రేపర్ పద్ధతి పనికిరాదు, పైపూత చాలా పలుచన. బూడిద రంగు పోయి రాగి రంగు కనిపిస్తే మార్చాల్సిందే. కనపడకపోతే ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి లూజు చెప్పే మెత్తటి ప్లాస్టిక్ దారం) పెట్టి లూజు చూసి, ఏ షెల్ ఎక్కడిదో అక్కడే, అటూ ఇటూ మారకుండా వేయొచ్చు. విప్పేటప్పుడే షెల్ వీపు మీద మార్కర్‌తో నెంబర్ రాయండి. జర్నల్ ఓవల్ అయితే గ్రైండింగ్ చేయించి 10, 20, 30, 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) అండర్‌సైజ్ షెల్స్‌లో ఏది సరిపోతే అది.

తణుకు_బుల్లెట్ | తణుకు

చాలా నేర్చుకుంటున్నాను. మరి నా బిగ్ ఎండ్ సంగతి? రాడ్‌కూ పిన్నుకూ మధ్య తిరిగే బుష్ ఉంది, దాని మీద కూడా వైట్ మెటల్ లాంటి పూత ఉంది.

పాతబండ్లే_ప్రాణం | సికింద్రాబాద్

అది ఫ్లోటింగ్ బుష్. పాత బుల్లెట్లకు అదే ఉండేది. పిన్ను మీదా తిరుగుతుంది, రాడ్ లోపలా తిరుగుతుంది. కాబట్టి లోపలి వైపు, బయటి వైపు రెండూ చూడాలి. పూత అరిగి కింద లోహం రంగు మారి కనిపిస్తోందా? పూతలో ఇసుక రేణువుల్లాంటివి గుచ్చుకుని ఉన్నాయా? క్రాంక్ పిన్నును మైక్రోమీటర్‌తో గడియారం ముల్లులా 12, 3 దిక్కుల్లో కొలవండి. తేడా 0.02 మి.మీ. దాటితే కొత్త బుష్ కూడా నిలవదు.

బుష్ నిలబడాలంటే ఆయిల్ అందాలి. టైమింగ్ కవర్‌లోంచి క్రాంక్ కొసకు ఆయిల్ వెళ్లే దగ్గర బిరడా సీల్ ఉంటుంది చూడండి. రూపాయి వస్తువు. అది గట్టిపడితే ఆయిల్ పక్కకు కారిపోతుంది, బుష్ ఎండిపోతుంది. బేరింగుల మీద వేలు పోసి ఆ బిరడా పాతదే ఉంచేసినవాళ్లను చూశాను. పాతవి వాడమని వాదించే నేనే చెప్తున్నాను, దాన్ని మాత్రం తప్పకుండా మార్చండి.

రెడ్డిచ్_పక్కన | బర్మింగ్‌హామ్

నమస్తే అండీ. నెల్లూరు నుంచి ఇక్కడికొచ్చి 15 ఏళ్లు. నా దగ్గర 1955 బుల్లెట్ ఉంది, ఇక్కడికి అరగంట దూరంలోని రెడ్డిచ్‌లో, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో తయారైనది. ఆ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది.

ఇక్కడ పాత బండ్ల సంతల్లో అప్పటి హాఫ్‌మన్ బేరింగులు మైనపు కాగితంలో చుట్టి, డబ్బా తెరవకుండా దొరుకుతాయి. మొదట్లో అవి కనపడితే ఎగబడి కొనేవాణ్ని. డబ్బా తెరవలేదు కదా, కొత్తవేనని నమ్మకం. ఇంటికొచ్చి విప్పితే ఒకదానిలో గ్రీజు కొవ్వొత్తి మైనంలా గట్టిపడింది, కడిగితే దాని కింద రేస్ మీద సన్నటి తుప్పు చుక్కలు. వాడనిదైనా 60 ఏళ్లు అరలో ఉంటే అది కూడా పాత బేరింగే. నాన్నగారి బండికి ఎవరైనా అలాంటివి పంపిస్తే, మీవాటికి చేసిన పరీక్షలే వాటికీ చేయండి.

తణుకు_బుల్లెట్ | తణుకు

గేర్‌బాక్సు బేరింగుల సంగతి మిగిలింది. రెండూ బాల్ బేరింగులు. కేసు మొత్తాన్ని మా ఆవిడ కేకుల ఓవెన్‌లో పెట్టి తీస్తే (వాసన పోవడానికి రెండ్రోజులు పట్టింది) చెక్క మీద ఒక్కసారి తట్టగానే రెండూ వాటంతటవే ఊడిపడ్డాయి. దెబ్బ వేయలేదు, గాలి పెట్టలేదు. కడిగితే ఒకటి గోధుమ రంగులో ఉంది, రెండోది తెల్లగా ఉంది. కానీ రెండూ చేత్తో ఊపితే కటకటలాడుతున్నాయి. అరిగిపోయాయా?

రాణీగంజ్_లేత్ | సికింద్రాబాద్

ఓవెన్ పద్ధతి చాలా మంచిది తమ్ముడూ. బ్లో ల్యాంప్‌తో ఒక్కచోటే మంట పెడితే కేసు వంకర పోతుంది. కేసు అల్యూమినియం, వేడికి అది స్టీలు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. 62 మి.మీ. గుంటను 30 నుంచి 110 డిగ్రీలకు తెస్తే 0.11 మి.మీ. పెరుగుతుంది. తీసేటప్పుడు బేరింగ్ కూడా వేడెక్కుతుంది కాబట్టి అందులో సగమే మిగులుతుంది, అయినా ఊడిపడడానికి అది చాలు. బిగించేటప్పుడు కేసు వేడిగా, బేరింగ్ చల్లగా ఉంటాయి కాబట్టి మొత్తం 0.11 మీకే దక్కుతుంది. చేత్తో పెడితే టక్కున కూర్చుంటుంది. షాఫ్ట్ మీదకు ఎక్కించాలంటే బేరింగ్‌నే వేడి చేయాలి, కానీ 120 డిగ్రీలు దాటనివ్వకండి.

కటకట గురించి కంగారు పడకండి. నూనె లేని బాల్ బేరింగ్ కొత్తదైనా కటకటలాడుతుంది. 25 మి.మీ. షాఫ్ట్ బేరింగ్‌కు నిలువు లూజు మామూలుగా 5 నుంచి 20 మైక్రాన్లు, సి3 (లూజు కాస్త ఎక్కువగా ఉండే రకం) అయితే 13 నుంచి 28. నిలువులో అంత చిన్న లూజే పక్కలకు ఊపితే ఎన్నో రెట్లుగా తెలుస్తుంది. అందుకే చేత్తో ఊపి తీర్పు చెప్పకండి. అదే నెంబరు, అదే లూజు గుర్తు ఉన్న కొత్తది పక్కన పెట్టుకుని, రెండింటికీ పల్చటి ఆయిల్ రెండు చుక్కలు వేసి, పోల్చండి. లోపలి రేస్‌ను కదలకుండా బిగించి, బయటి రేస్ మీద డయల్ గేజ్ పెట్టి పైకీ కిందికీ నెడితే అంకె తెలుస్తుంది. కొత్త బేరింగ్ మీద సి3 ఉందో లేదో తప్పక చూడండి. కేసు బయటి నుంచి నొక్కి, షాఫ్ట్ లోపలి నుంచి తోసి ఉన్న లూజును తినేస్తాయి. సి3 అడిగే చోట మామూలుది వేస్తే బిగుసుకుని వేడెక్కుతుంది.

ప్లాంట్_మెయింటెనెన్స్ | విశాఖపట్నం

గోధుమ రంగు గురించి. దూదికి థిన్నర్ అద్ది రుద్దండి. రంగు దూదికి అంటుకుంటే అది పాత నూనె కాలి కట్టిన పొర, భయం లేదు. ఎంత రుద్దినా పోకపోతే స్టీలే వేడెక్కి రంగు మారింది. లేత పసుపు వచ్చిందంటేనే 200 డిగ్రీలు దాటినట్టు, నీలం వచ్చిందంటే 290 దాకా వెళ్లినట్టు. బేరింగ్ స్టీలు గట్టిదనం సుమారు 60 రాక్‌వెల్ ఉంటుంది. అంత వేడి తగిలాక అది మెత్తబడి ఉంటుంది, చూడ్డానికి ఎంత బాగున్నా వేయకూడదు.

తర్వాత చేత్తో తిప్పి చూసే పరీక్ష. రెండోసారి కడగడం శుభ్రమైన గిన్నెలో, కొత్త పెట్రోల్‌తో చేయాలి, మంటకు దూరంగా. వేస్ట్ కాటన్ వాడకండి, దారప్పోగులు గోళీల మధ్య ఇరుక్కుంటాయి. ఆరాక వెంటనే పల్చటి ఆయిల్ వేయండి, లేదంటే చేతి చెమటకు తెల్లారేసరికి వేలిముద్ర ఆకారంలో తుప్పు పడుతుంది. లోపలి రేస్‌ను రెండు వేళ్ల మీద పెట్టి, బయటి రేస్‌ను మెల్లగా తిప్పండి. ఒకసారి ఒక వైపు నొక్కి, ఇంకోసారి తిరగేసి నొక్కి తిప్పాలి. ఒకేచోట ప్రతిసారీ గరుకు తగిలితే రేస్ పోయినట్టు. ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ తగిలితే ఇంకా మురికి ఉన్నట్టు, మళ్లీ కడగండి.

తణుకు_బుల్లెట్ | తణుకు

ఆదివారం కూర్చుని అన్నీ చేశాను. గోధుమ రంగు మొత్తం దూదికి వచ్చేసింది, కింద స్టీలు తెల్లగా ఉంది. ఐదుసార్లు కడిగాక గరుకు పూర్తిగా పోయింది. డయల్ గేజ్‌లో 20 మైక్రాన్లు చూపించింది. పోల్చడానికి ఆథరైజ్డ్ డీలర్ దగ్గర కొన్న కొత్తది 17 చూపించింది. రెండో బేరింగ్, తెల్లగా ఉన్నదే, మోసం చేసింది. ఐదుసార్లు కడిగినా ఒకేచోట గరుకు. భూతద్దంలో చూస్తే బయటి రేస్‌లో కందిగింజలో సగం ఉండే పెచ్చు లేచింది.

ప్లాంట్_మెయింటెనెన్స్ | విశాఖపట్నం

అయితే నా మాట ఇది. క్రాంక్ మెయిన్లు మూడూ కొత్తవే వేయండి. చైన్ వైపు రోలర్ పైకి బాగానే కనిపిస్తోంది కదా అనొచ్చు. కానీ అది కూడా ఆ టైమింగ్ రోలర్‌తో పాటే, అదే ఆయిల్‌లో 16 ఏళ్లు ఉంది. అది పోతే ఇంజన్ మొత్తం విప్పాలి, పెచ్చులు ఆయిల్ పంపు దాకా వెళ్తాయి. గేర్‌బాక్సులో పెచ్చు లేచినది మార్చండి. గోధుమ రంగుది నిక్షేపంగా వేసుకోండి. అది పోయినా చప్పుడు చేసి ముందే చెప్తుంది, ఇంజన్ ముట్టుకోకుండా మార్చుకోవచ్చు. పాతది వాడాలా వద్దా అన్నది బేరింగ్ ఎలా ఉందన్న దాని మీద సగం ఆధారపడితే, అది ఎక్కడ కూర్చుంటుంది, పోతే ఏమవుతుంది అన్న దాని మీద మిగతా సగం.

పాతబండ్లే_ప్రాణం | సికింద్రాబాద్

ఒప్పుకుంటున్నాను సార్. నేను ఇన్నేళ్లు క్రాంక్‌లో పాతవి వేసి నెగ్గుకొచ్చానంటే, అవి రోజూ నడుస్తూ వచ్చిన బండ్లు. మొన్న శుక్రవారం దాకా ఆయిల్‌లో తడుస్తూ తిరిగిన బేరింగ్ వేరు, 16 ఏళ్లు కదలని బేరింగ్ వేరు. ఆ తేడా నేను ఇంతవరకూ ఆలోచించలేదు.

తమ్ముడూ, టైమింగ్ వైపు గుంటలో మెరుపు సంగతి మర్చిపోకు.

రాణీగంజ్_లేత్ | సికింద్రాబాద్

అవును. బోర్ గేజ్‌తో కొలిపించు. మెరుపు మాత్రమే ఉండి, కొలత 0.01 మి.మీ. లోపు తేడా అయితే రెండు వైపులా నూనె మరక లేకుండా శుభ్రం చేసి రిటైనింగ్ కాంపౌండ్ (బేరింగ్‌ను గుంటలో పట్టి ఉంచే జిగురు) పల్చగా రాసి పెట్టొచ్చు. రోలర్ల వైపు ఒక్క చుక్క కూడా పోకూడదు. అంతకంటే లూజుంటే బోరింగ్ చేసి స్లీవ్ వేయాలి. రేకు ముక్క పెట్టడం, పంచ్‌తో చుక్కలు కొట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. చుక్కల కొసల మీద నిలబడిన బేరింగ్ వెయ్యి కిలోమీటర్లకే మళ్లీ లూజవుతుంది.

తణుకు_బుల్లెట్ | తణుకు

రెండు నెలల తర్వాత వచ్చాను, ఆలస్యానికి క్షమించండి. వరికోతలు అడ్డం వచ్చాయి.

గుంట తేడా 0.008 వచ్చింది, కాంపౌండ్‌తో సరిపోయింది. మెయిన్లు మూడూ కొత్తవి. క్రాంక్ పిన్ను ఓవల్ ఉంది కాబట్టి పిన్ను, ఫ్లోటింగ్ బుష్ రెండూ కొత్తవే వేయించి, క్రాంక్ 0.03 మి.మీ.కు మించి వంకర లేకుండా తిరిగేలా సరిచేయించాం. బిరడా సీల్ కొత్తది. గేర్‌బాక్సులో ఒకటి పాతదే ఉంది.

మేస్త్రీ గారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత షాపు కంప్రెసర్ పక్క గోడ మీద "బేరింగ్‌కు గాలి కొట్టరాదు" అని పెయింటుతో రాయించారు.

మొన్న సాయంత్రం ఐదో కిక్‌కు అందుకుంది. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. 100 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాను. పాత ఆయిల్‌లో అయస్కాంతం తిప్పితే బూడిద రంగు నూగు కొంచెం అంటింది, రేకులు ఏమీ లేవు.

పాత బేరింగ్ నెంబరు, వేసిన తేదీ, మీటర్ రీడింగ్ షెడ్డు తలుపు లోపలి వైపు సుద్దతో రాశాను. 2000 కిలోమీటర్లకు గేర్‌బాక్సు కవర్ విప్పి చూసి ఇక్కడే ఫొటో పెడతాను.

ప్లాంట్_మెయింటెనెన్స్ | విశాఖపట్నం

నూగు మామూలే, కొత్తలో అంతే. 500 దగ్గర ఇంకోసారి ఆయిల్ మార్చి అయస్కాంతం పెట్టి చూడండి. సుద్ద చెరిగిపోతుంది తమ్ముడూ, పెయింటుతో రాయండి.